క్వైర్‌లో పాడుతున్నాను, ప్రార్థన మాత్రం రావట్లేదు. మూడేళ్లయింది

వెనకబెంచి_హన్మకొండ
మూడేళ్లుగా నాకు ప్రార్థన రావట్లేదు. మోకాళ్లూనితే మాట పెగలదు, పెగిలినా అది చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ పెద్దవాళ్ల ప్రార్థనే గానీ నాది కాదు. బయట నుంచి చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఆదివారం తొమ్మిదింటికల్లా చర్చిలో ఉంటాను, క్వైర్‌లో పాడతాను, యూత్ మీటింగ్‌లో వాక్యం చెప్పమంటే చెప్తాను. ఇంటికొచ్చి బైబిల్ బీరువా మీద పెట్టానంటే మళ్లీ ఆదివారం దాకా ముట్టను. ఒకప్పుడు సుబేదారి నుంచి కాజీపేట దాకా బండి మీద పోతూ కూడా హెల్మెట్ లోపల ప్రభువుతో మాట్లాడుకునేవాణ్ని. ఆ మనిషి ఎటు పోయాడో తెలియదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల రోజు మరీ కష్టం. పళ్లెం నా వరసలోకి వచ్చేసరికి చేతులు చల్లబడతాయి, అయినా తీసుకుంటాను, తీసుకోకపోతే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని. డిసెంబరు దగ్గరపడుతుంటే ఇంకా బరువుగా ఉంది.

పశ్చాత్తాపపడు అంటారు అందరూ. ఎలా పడాలి? నాకు ఏడుపు రావట్లేదు. కన్నీళ్లు లేకుండా పశ్చాత్తాపం ఉంటుందా? దయచేసి "ప్రార్థన చేయండి బ్రదర్" అని మాత్రం రాయకండి, నా బాధే అది.

చిన్నోడు_వరంగల్
నాదీ ఇదే అన్నా. నేనొక్కణ్నే ఇలా ఉన్నాననుకున్నా.

తబలా_అన్న
క్వైర్‌లో పాడేవాడికి వెనకబెంచి అని పేరేంటి తమ్ముడూ, మా చర్చిలో క్వైర్ ముందు కూర్చుంటుంది 🙂 సరే, సీరియస్‌గా చెప్తున్నా, నేను కూడా రెండేళ్లు చేతులతో తబలా వాయించాను, లోపల ఏమీ మోగలేదు. నీ మాట అర్థమైంది.

ఖని_నైట్‌షిఫ్ట్
గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేస్తాను. పనిలోకి దిగే ముందు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చప్పుడు వింటాం. బండ గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. పైన ఎక్కడో పొర విడిపోయి ఉంటే డప్పు కొట్టినట్టు బోలుగా వినిపిస్తుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒక్క పగులు కూడా కనపడదు. కప్పు కూలిన రోజును అందరూ గుర్తుపెట్టుకుంటారు, పొర విడిపోయిన రోజు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆత్మీయ జీవితం చల్లారడం కూడా అంతే తమ్ముడూ. ఒక్కరోజులో ఎవరూ పడిపోరు. నాకైతే తాగుడు రాకముందే, తాగుడుకు రెండేళ్ల ముందే, ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయింది. అది కూడా పెద్ద గొడవేమీ లేకుండా, షిఫ్టు మారిందని. నీ జీవితంలో అక్కడక్కడా తట్టి చూసుకో. బోలు చప్పుడు ఎక్కడ వస్తుందో నీకే తెలుస్తుంది.

జనగామ_బెరయ
ఎవరికీ నచ్చకపోయినా వాక్యం చెప్తాను. హెబ్రీయులకు 6:4-6 చదవండి. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవాళ్లను తిరిగి మారుమనస్సు పొందేలా చేయడం అసాధ్యం అని ఉంది. మూడేళ్లు తెలిసి తెలిసి నటించడం చిన్న విషయం కాదు. 1 కొరింథీయులకు 11:27 కూడా చూసుకోండి, అయోగ్యంగా బల్ల తీసుకోవడం ఎంత ప్రమాదమో. ముందు బల్ల మానేయండి, తర్వాత మిగతా సంగతి.

మార్తక్క_పరకాల
బెరయా, బావిలో పడ్డవాడు చెయ్యి చాపుతుంటే లోతు ఎంతో కొలిచి చెప్తున్నావా? నువ్వు చెప్పిన 6వ అధ్యాయంలోనే 9వ వచనం ఎందుకు వదిలేశావు? మీ విషయంలో ఇంతకంటే మంచి సంగతులే ఉన్నాయని నమ్ముతున్నాం అని వెంటనే అంటాడు కదా. కొరింథీయుల్లోనూ 28వ వచనం పరీక్షించుకుని తినమనే చెప్పింది. తినకుండా దూరంగా కూర్చోమని చెప్పలేదు.

జనగామ_బెరయ
అక్కా, పరీక్షించుకోకుండా తినొద్దనే నా మాట. భయం కూడా మందే ఒక్కోసారి.

గ్రీకు_విద్యార్థి
వేదాంత కళాశాలలో చదువుతున్నాను, పరీక్షల మధ్యలో ఉన్నాను గానీ ఇది చూసి ఆగలేకపోయాను. కొంచెం పొడుగైతే మన్నించండి.

కన్నీళ్ల ప్రశ్న ముందు. మన తెలుగు బైబిల్లో మార్కు 1:15లో "మారుమనస్సు పొంది" అని ఉంటుంది. మత్తయి 27:3లో యేసును డబ్బుకు పట్టించిన యూదా గురించి "పశ్చాత్తాపపడి" అని ఉంటుంది. గ్రీకులోనూ అవి వేరు వేరు మాటలే. మొదటిది మెటనోయియా, అంటే మనసు మారడం, ఆలోచన తిరగబడటం. రెండోది చేసినదానికి బాధపడటం. పాత నిబంధనలో ప్రవక్తలు వాడే హెబ్రీ మాట షూబ్, దాని అర్థం ఇంకా సాదా: వెనక్కి తిరుగు. కాజీపేట వెళ్లాల్సినవాడు ములుగు రోడ్డు ఎక్కేశానని గ్రహిస్తే ఏం చేస్తాడు, బండి తిప్పుతాడు. ఏడుస్తూ తిప్పినా ఏడవకుండా తిప్పినా దారి ఒకటే. కన్నీళ్లు రావడం దేవుని దయ, యేసును ఎరగనన్నాక పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ కన్నీళ్లు వచ్చేదాకా బండి ఆపుకుని రోడ్డు పక్కన నిలబడక్కర్లేదు. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 వాక్యాల్లో మొట్టమొదటిదే ఇది, విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలన్నదే ప్రభువు ఉద్దేశం అని. ఒక్క రాత్రి మీటింగ్‌లో తేలిపోయే పని కాదు.

ఇక హెబ్రీ 6. "పడిపోయినవాళ్లను మళ్లీ చేర్చుకోవచ్చా" అనే గొడవ సంఘంలో చాలా పాతది. క్రీ.శ. 250లో డేసియస్ అనే రోమా చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర చీటీ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. చాలామంది క్రైస్తవులు భయపడి బలి ఇచ్చేశారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి దొంగ చీటీ సంపాదించుకున్నారు, నేనేమీ చెయ్యలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నారు. హింస తగ్గాక వీళ్లంతా చర్చి గుమ్మం ముందు నిలబడ్డారు. రోమ్‌లో నొవేషియన్ వీళ్లను ఎప్పటికీ చేర్చుకోకూడదన్నాడు. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజి బిషప్ సిప్రియన్ 251లో సభ పెట్టి, తలుపు మూయకూడదని, అలాగని ఏమీ జరగనట్టు చేర్చుకోకూడదని తేల్చాడు. ఒక్కొక్కరి సంగతి విచారించి, ఒప్పుకోలు తర్వాత చేర్చుకోవాలి. చీటీ కొన్నవాళ్లదీ తప్పేనని చెప్పాడు, వాళ్లకు దారి కూడా చూపించాడు. సంఘం చివరికి నిలిచింది ఈ వైపే.

చిన్నోడు_వరంగల్
ములుగు రోడ్డు ఉదాహరణ బాగా తగిలింది అన్నా 🙏

ఫాతిమానగర్_సోదరి
మేము కథోలికులం, కాజీపేట ఫాతిమా మాత కేథడ్రల్ మాది. మా దగ్గర దీనికి పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం. ఏడాదికి ఒక్కసారైనా చెయ్యాలనే నియమం 1215 లాటరన్ మహాసభ నుంచీ ఉంది. నేను 11 ఏళ్లు ఎగ్గొట్టాను. పోయిన ఈస్టర్ ముందు తపస్సుకాలంలో వెళ్లి జాలీకి ఇవతల మోకరిస్తే ఒక్క మాట రాలేదు. గురువుగారు "తొందరలేదమ్మా, చిన్నదానితో మొదలుపెట్టు" అన్నారు. మా అత్తమ్మ ఫోన్ చేస్తే ఎత్తకుండా సైలెంట్‌లో పెట్టేదాన్ని, దానితో మొదలుపెట్టాను, నలభై నిమిషాలు పట్టింది. ముందు ఆత్మ పరిశోధన, తర్వాత నోటితో ఒప్పుకోలు, ఆయన క్షమాపణ పలకడం, ఆ తర్వాత ప్రాయశ్చిత్తంగా ఒక పని. నాకు ఇచ్చిన పని ఏంటో తెలుసా, ఆదివారం అత్తమ్మతో అరగంట కూర్చోవడం.

మీ పద్ధతి వేరని తెలుసు. కానీ ఒక మనిషి చెవిలో బయటికి చెప్పడంలో ఏదో ఉంది, మనసులో చెప్పుకుంటే మనకు అనుకూలంగా చెప్పుకుంటాం.

జనగామ_బెరయ
మధ్యవర్తి ఒక్కడే సిస్టర్, 1 తిమోతి 2:5. పాపం దేవునితో ఒప్పుకుంటే చాలు, 1 యోహాను 1:9.

తబలా_అన్న
యాకోబు 5:16 కూడా ఉంది బెరయ అన్నా, ఒకనితో ఒకడు ఒప్పుకోమని. మనం ఆ వచనాన్ని స్వస్థత మీటింగుల్లో సగమే చదువుతాం.

నర్సు_ములుగురోడ్
ఇంకో కోణం. తమ్ముడూ, నిద్ర పడుతోందా? ఆకలి ఉందా? దేని మీదా ఆసక్తి లేకపోవడం, అలసట, బతకాలనిపించకపోవడం ఇవన్నీ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి డాక్టర్ ఉన్నాడు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మా వార్డులో విశ్వాసం లేకనే ఇలా అయిందని నెలల తరబడి ఉపవాసాలు చేయించి, బాగా ముదిరాక తీసుకొచ్చిన కేసులు చూశాను. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే అడుగుతున్నా.

వెనకబెంచి_హన్మకొండ
అందరికీ థాంక్స్. నర్సు అక్కా, తిండి బాగానే తింటున్నా, ఆఫీసు పని, పిల్లలతో ఆటలు అన్నీ మామూలే. నిద్ర కూడా పట్టేది, నిన్నటి దాకా. నిన్న రాత్రి గ్రీకు తమ్ముడు రాసిన దొంగ చీటీ మాట చదివాక పట్టలేదు.

ఖని అన్నా, ఎక్కడ తట్టాలో నాకు ముందే తెలుసు. మూడేళ్లుగా ఆ చోటు వదిలి చుట్టూ తడుతున్నాను.

మార్తక్క_పరకాల
చెప్పాలనిపిస్తే చెప్పు తమ్ముడూ. పేర్లు, చర్చి పేరు రాయకు. చెప్పాలనిపించకపోతే వద్దు, నీ దేవుడికి తెలుసు.

వెనకబెంచి_హన్మకొండ
మూడేళ్ల కింద సెమీ క్రిస్మస్‌కు చర్చిలో చందా వేసి, స్టేషన్ బయట పడుకునేవాళ్లకు చెద్దర్లు పంచమని 21,000 నా చేతికిచ్చారు. ఒక్కోటి 350, అరవై చెద్దర్లు. ఆ నెల నాకు చిట్టీ రెండు వాయిదాలు బాకీ పడింది, చిట్టీ నడిపే ఆయన ఇంటి ముందుకొచ్చి అరుస్తున్నాడు. ఇరవై చెద్దర్లు కొన్నాను. 14,000 చిట్టీకి కట్టాను. జీతం రాగానే మిగతావి కొనేస్తానని నిజంగానే అనుకున్నాను. షాపులో ఖాళీ బిల్లు అడిగి తీసుకుని అరవై అని రాశాను. నా చేతిరాత మా కోశాధికారి అంకుల్‌కు తెలుసు, అందుకని ఎడమ చేత్తో రాశాను.

పంచడానికి ఒక్కణ్నే వెళ్లాను, మిగతావాళ్లను క్యారల్స్‌కు పొమ్మన్నాను. ఇరవై ఎంతలో అయిపోతాయి. చివర్లో ఒక తాత, గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు, "బిడ్డా నాకొకటి" అన్నాడు. "అయిపోయినయ్ తాతా, మళ్లొస్త" అన్నాను. ఆయన కోప్పడలేదు. "సరే బిడ్డా, దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అన్నాడు. మళ్లీ పోలేదు. జీతం వచ్చింది, ఇంకేదో ఖర్చు వచ్చింది. అప్పటి నుంచి నేను కళ్లు మూసుకుంటే ముందు ఆ గోనెసంచి వస్తుంది. ఈ ఏడాది చందా కూడా నాకే అప్పజెప్తామని పోయిన ఆదివారం అన్నారు. "నమ్మకస్తుడు" అని అందరి ముందూ అన్నారు.

ఇది ఇంట్లో మా ఆవిడకు కూడా తెలియదు.

చిన్నోడు_వరంగల్
అన్నా...

ఖని_నైట్‌షిఫ్ట్
చెప్పావు కదా తమ్ముడూ. ఇవాళ్టికి అది చాలు. కొంచెం నీళ్లు తాగి పడుకో.

జనగామ_బెరయ
మొన్న నేను రాసిన తీరు బాగాలేదు, మార్తక్క చెప్పింది నిజమే. తమ్ముడూ, హెబ్రీ 6 నీ గురించి కాదు. తిరగడం ఇష్టం లేనివాడు గోనెసంచిని చూడడు.

ఇప్పుడు చేయాల్సింది వాక్యంలో స్పష్టంగా ఉంది. సంఖ్యాకాండము 5:6-7, చేసిన పాపం ఒప్పుకోవాలి, అచ్చుకోవాల్సింది పూర్తిగా అచ్చుకోవాలి, దానికి ఐదో వంతు కలపాలి. 14,000కు ఐదో వంతు 2,800. మొత్తం 16,800. 350 లెక్కన 48 చెద్దర్లు.

తబలా_అన్న
బెరయ అన్న క్యాలిక్యులేటర్ తీశాడు 🙂 కానీ బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు కదా, ఆ లెక్కన 160.

జనగామ_బెరయ
జక్కయ్యను అంత ఇమ్మని యేసు అడగలేదు, లూకా 19లో తనంతట తానే లేచి అన్నాడు. ఆ ఆనందం వచ్చిన రోజు 160 ఇస్తాడు. ముందు 48.

తబలా_అన్న
నా సలహా ఒకటి, తప్పైతే చెప్పండి. డబ్బు కవర్లో పెట్టి పేరు లేకుండా కానుక సంచిలో వేసేస్తే సరిపోదా? దేవునికి చేరుతుంది, పేదలకు చేరుతుంది. పిల్లలున్న మనిషి, చిన్న ఊరు లాంటి సంఘం, ఒకసారి దొంగ అన్న పేరు పడితే పోదు. క్షమించాం అంటూనే పదేళ్లు గుచ్చుతారు మనవాళ్లు.

ఫాతిమానగర్_సోదరి
డబ్బు చేరుతుంది అన్నా, కానీ బిల్లు? అది ఇంకా ఆ ఫైల్లోనే ఉంటుంది కదా.

నర్సు_ములుగురోడ్
తబలా అన్న భయం నిజమైనదే. అయినా పేరు లేని కవర్ వేస్తే రేపు మళ్లీ చందా ఆయన చేతికే ఇస్తారు. ముందు మీ ఆవిడకు చెప్పు తమ్ముడూ. వేరేవాళ్ల నోట వినకూడదు ఆమె.

మార్తక్క_పరకాల
తబలా చెప్పినట్టు గుచ్చేవాళ్లు ఉంటారు. నేను ఆ గుచ్చేదాన్ని, అందుకే చెప్తున్నా. మా తమ్ముడు నాయన దగ్గర ఎకరం పొలం అమ్మించుకుని హైదరాబాద్ పోయి ఆరేళ్లు ముఖం చూపలేదు. నాయనకు పక్షవాతం వస్తే ఎత్తింది, కడిగింది, తినిపించింది నేను. ఒకరోజు వాడు చిక్కి సగమై వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాయన మాట రాని నోటితో వాణ్ని చూసి ఏడ్చి, పనిచేసే చేత్తో మంచం మీద పక్కన చోటు తట్టాడు. నాకు ఒక్కసారి కూడా అలా తట్టలేదు. ఆ రోజు నేను వంటింట్లో గిన్నెలు ఎంత గట్టిగా పెట్టానో నాకే గుర్తుంది. ఏడాది పైన వాడితో మాట్లాడలేదు.

తప్పిపోయిన కుమారుడి కథలో, తమ్ముడు తిరిగొచ్చిన విందుకు రానని అలిగిన పెద్దవాడు చివరికి లోపలికి పోయాడో లేదో యేసు చెప్పలేదు, గమనించారా? నేను అది నన్ను అడిగిన ప్రశ్న అనుకుంటాను. నాకు కూడా మారుమనస్సు కావాల్సి వచ్చింది, ఇంట్లోనే ఉండి దూరమైపోయిన దాన్ని. కాబట్టి తమ్ముడూ, నువ్వు చెప్పినప్పుడు ఎవరైనా గిన్నెలు గట్టిగా పెడితే వాళ్లకు కొంత టైమ్ ఇవ్వు. నువ్వు మాత్రం గుమ్మం దాటి లోపలికి రా.

గ్రీకు_విద్యార్థి
అక్కా, ఇది మా క్లాసులో ఎవరూ చెప్పలేదు.

ఒక్క మాట కలుపుతాను. యూదా కూడా డబ్బు తిరిగిచ్చాడు, ముప్పై నాణేలూ ఇచ్చేశాడు. ఇచ్చి ఒంటరిగా వెళ్లిపోయాడు, ఎవరి దగ్గరికీ రాలేదు. అందుకే పేరులేని కవర్ నాకు భయం. పేతురు మాత్రం మిగతా శిష్యులతోనే ఉండిపోయాడు, ప్రభువు అక్కడికే వచ్చాడు. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుసార్లే వస్తుంది. 18వ అధ్యాయంలో పేతురు చలి కాచుకుంటూ ఎరగనన్న మంట, 21వ అధ్యాయంలో ప్రభువు ఒడ్డున చేపలు కాల్చి పెట్టిన మంట. ఆ మంట పక్కనే మూడుసార్లు అడిగాడు, ప్రేమిస్తున్నావా అని. అన్నా, నువ్వు స్టేషన్‌కు నడిచి వెళ్లు.

తబలా_అన్న
కవర్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

వెనకబెంచి_హన్మకొండ
తొమ్మిది రోజులైంది, క్షమించండి, రాయడానికి ధైర్యం చాలలేదు.

మా ఆవిడకు ఆ రాత్రే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎడమ చేత్తో రాశావా" అని ఒక్కటే అడిగింది, అది ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు తన చిన్న చిట్టీ డబ్బులు తెచ్చి టేబుల్ మీద పెట్టింది, వద్దన్నాను, నా జీతం నుంచే పోవాలి అన్నాను.

శనివారం కోశాధికారి అంకుల్ ఇంటికి వెళ్లాను. చెప్పాను. ఆయన లేచి లోపలికి పోయాడు, ఫైల్ తెచ్చాడు, ఆ బిల్లు తీసి టీపాయ్ మీద పెట్టి చాలాసేపు చూశాడు. "అక్షరాలు వంకరగా ఉన్నయని అప్పుడే అనుకున్న, షాపాయన రాసిండేమో అనుకున్న" అన్నాడు. నన్ను తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. టీ ఇచ్చారు, చల్లారిపోయేదాకా ఇద్దరం ముట్టలేదు. మొన్న పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఈ ఏడాది డబ్బు వ్యవహారం ఏదీ నాకు వద్దని నేనే అన్నాను, వాళ్లు ఒప్పుకున్నారు. క్వైర్ నుంచి కూడా క్రిస్మస్ అయ్యేదాకా ఆగమన్నారు. అది బాధగానే ఉంది, పిల్లలు అడుగుతున్నారు. ఒక పెద్దాయన నా ముఖం చూడకుండానే లేచి వెళ్లిపోయాడు. మార్తక్క మాట గుర్తొచ్చింది.

నిన్న రాత్రి పదిన్నరకు స్టేషన్‌కు వెళ్లాం, నేను, మా ఆవిడ, అంకుల్. 48 చెద్దర్లు. అంకుల్ తానే వస్తానన్నాడు, బిల్లు ఆయనే రాయించాడు. ఆ తాత లేడు. పార్సిల్ ఆఫీసు వైపు, ఆటోల వెనక, అన్ని చోట్లా వెతికాను, టీ బండి ఆయన్ను అడిగాను, గుర్తులేదన్నాడు. చివరి చెద్దరు ఎవరికీ ఇవ్వలేక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఒకామె పసిపిల్లను చీర కొంగులో చుట్టుకుని పడుకుంది, మా ఆవిడ నా చేతిలోంచి తీసుకుని ఆమెకు కప్పింది.

ఇంటికి వస్తూ కాజీపేట దాటాక హెల్మెట్ లోపల "ప్రభువా" అన్నాను. ఆ ఒక్క మాటే. తర్వాత ఏమీ రాలేదు. కానీ ఆ మాట నాదే.

ఖని_నైట్‌షిఫ్ట్
ఇప్పుడే షిఫ్టు దిగి చదివాను. లాకర్ గదిలో కూర్చుని ఏడ్చాను, మావాళ్లు ఏమైందని అడిగారు.

జనగామ_బెరయ
తమ్ముడూ, క్రిస్మస్ దాకా నువ్వు కూర్చునే బెంచీ చెప్పు. ఒక ఆదివారం జనగామ నుంచి రైలెక్కి వస్తాను, పక్కన కూర్చుంటాను.

వెనకబెంచి_హన్మకొండ
ఎడమవైపు చివరి బెంచీ అన్నా, ఫ్యాన్ కింద. రండి.

చిన్నోడు_వరంగల్
అన్నలారా అక్కలారా, నాది డబ్బు సంగతి కాదు. వేరే. ఎవరికి చెప్పాలో తెలియట్లేదు.

మార్తక్క_పరకాల
ఇక్కడ రాయకు నాన్నా. నాకు మెసేజ్ పెట్టు, రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.